కోయల మీద పీహెచ్‌డీ: ముందు భాష, తర్వాతే అంశం

వరంగల్‌లో చరిత్ర ఎం.ఏ. చేశానని, మేడారం జాతర మీద పీహెచ్‌డీ చేయాలని ఉందని, కోయ భాష రాకపోతే ఇబ్బందా అని అడిగారు. నేనూ అదే అంశంతో, అదే ధీమాతో మొదలుపెట్టాను. ఇబ్బందే.

మొదటి ఏడాది తాడ్వాయి వైపు ఒక గూడెంలో డోలి కోయ పెద్దాయన ఒకరిని కలిశాను. డోలివారు ఇలవేల్పుల కథలు పాడతారు. పడిగె అనే బొమ్మల గుడ్డను ఆధారం చేసుకుని ఏ గట్టు (గోత్రం) వారి పుట్టుక ఎక్కడో చెబుతారు. ఆయనకు తెలుగు బాగానే వచ్చు. నాతో మాట్లాడుతూనే పక్కవాళ్లతో కోయలో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. "మీరు రావడం సంతోషమట" అన్నాడు నాకు తోడు వచ్చిన కుర్రాడు. నోటుపుస్తకంలో అదే రాసుకున్నాను. ఏడాదిన్నర తర్వాత, భాష కాస్త పట్టుబడ్డాక, ఆ రికార్డింగు మళ్లీ విన్నాను. ఆయన అన్నది వేరు: "జాతర ముందు అందరూ వస్తారు, పడిగెకు ఫోటో తీసుకుంటారు, మళ్లీ జాతర దాకా ఒక్కరూ కనబడరు." కుర్రాడిని తప్పుపట్టను, అతిథి మొహం మీద ఆ మాట ఎవరు చెబుతారు?

నా అంశం జాతర నుంచి పడిగెలకు మారింది అప్పుడే. రెండేళ్లకొకసారి మాఘమాసంలో నాలుగు రోజులు జరిగే జాతరలో మీకు కనబడేది జనసముద్రం. కోయల ఇల్లు కాదు. మామూలు రోజుల్లో వెళ్లండి. అయితే ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోసేటప్పుడు మాత్రం ఇంటర్వ్యూలంటూ ఎవరినీ కూర్చోబెట్టకండి. ఆ కొద్ది రోజుల కూలితోనే ఎన్నో ఇళ్లలో అప్పులు తీరాలి.

భాషకు భయపడకండి. కోయ గోండికి మరీ దగ్గర, మన తెలుగుకూ చుట్టమే. తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక నిజాం ప్రభుత్వం గోండుల సంగతి తెలుసుకోవడానికి పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, మార్లవాయి అనే గోండు గూడెంలో ఉండి గోండి నేర్చుకున్నారు. ఎక్కడో ఆస్ట్రియాలో పుట్టినాయన! ఆయన రాసిందంతా నేను ఒప్పుకోను కానీ, వరంగల్ నుంచి పొద్దున బస్సెక్కి సాయంత్రానికి తిరిగొచ్చే పరిశోధనకంటే అది నయం.

నియమాల సంగతి సరే, యూజీసీ 2022 నిబంధనల్లో ఎంఫిల్ లేదు, పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల గడువు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. మీరు ఎస్టీ అయితే కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఫెలోషిప్‌కూ దరఖాస్తు చేయండి. గైడును ఎంచుకునేటప్పుడు ఆయన వ్యాసాల లెక్క అడగకండి, ఏ గూడెంలో ఎన్నాళ్లున్నారో అడగండి.

థీసిస్ అయ్యాక ఆ పెద్దాయన పాటలన్నీ మెమరీ కార్డులో వేసి ఇచ్చాను. మనవడి ఫోనులో రెండు గంటలు విని, "మూడో పాటలో ఒక పేరు తప్పు పాడాను బిడ్డా, అది తీసెయ్" అన్నారు. థీసిస్‌లో అప్పటికే అచ్చయిపోయింది.