పిల్లలకు ఆట నేర్పడానికి నేను సరిపోతానా అన్న సందేహాన్ని మీరెలా అధిగమించారు?

కాలనీ పిల్లలకు సాయంత్రాలు కబడ్డీ నేర్పుతున్నారని, మీరు జిల్లా స్థాయి దాటి ఆడలేదు కాబట్టి వాళ్ల ఆటను పాడుచేస్తున్నానేమో అన్న భయం రోజూ వెంటాడుతోందని, వచ్చే నెలలోనే మీ జట్టు మొదటి మ్యాచ్ అని మీ ప్రశ్నలో రాశారు. విశాఖపట్నంలో గాజువాక వైపు తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్న పని కూడా ఇదే. జీతం వేరే ఉద్యోగంలో వస్తుంది, మైదానం సాయంత్రం అయిదున్నర తర్వాత. ఆటగాడిగా నా చరిత్ర మీకంటే చిన్నది. కాలేజీ జట్టులో రెండేళ్లు ఉన్నాను కానీ అందులో ముప్పాతిక భాగం బెంచీ మీదే గడిచింది.

మొదటి రెండేళ్లు నేను ధైర్యంగా చేసిన పని ఒక్కటే, అది కోర్టు తయారుచేయడం. గులకరాళ్లు ఏరి, మట్టి జల్లించి, నీళ్లు చల్లి, రోలరు లాగి, 11 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు కొలిచి సున్నంతో గీతలు గీసేవాణ్ణి. గీత వంకర పోతే చెరిపి మళ్లీ గీయవచ్చు కదా, అందుకని ఆ పనిలో నాకు ఏ సందేహమూ ఉండేది కాదు. పిల్లలు వచ్చి వరుసగా నిలబడగానే మాత్రం గొంతు ఆరిపోయేది.

2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్‌కు మన విశాఖే సొంత వేదిక. అప్పటినుంచి మన వైపు పిల్లలకు ఈ ఆట టీవీలోంచి కూడా వస్తోంది. నేను నేర్పడం మొదలుపెట్టిన కొత్తలోనే పన్నెండేళ్ల పిల్లవాడొకడు వచ్చి, పర్‌దీప్ నర్వాల్ అనే ఆటగాడు వేసే డుబ్కీ, అంటే పట్టుకోబోయేవాళ్ల చేతుల కిందినుంచి దూరిపోయే ఎత్తు, నేర్పమని అడిగాడు. నేను ఆడిన రోజుల్లో ఆ పేరే వినలేదు. "అవి పెద్దవాళ్ల ఆటలు, మీకిప్పుడే వద్దు" అని గంభీరంగా చెప్పి తప్పించుకున్నాను. వాడు తలూపి వెళ్లిపోయాడు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అలాంటి అబద్ధాలు ఇంకా చాలా చెప్పాను. ప్రతి అబద్ధానికీ సందేహం ఇంకొంచెం పెరిగింది, ఎందుకంటే దాచుకోవలసింది ఇంకొంచెం పెరిగింది.

ఏడాది తర్వాత అదే పిల్లవాడు మళ్లీ అడిగినప్పుడు, దాటవేసే ఓపిక లేక, "నాకు రాదురా, ఫోనులో పెట్టుకుని అందరం చూద్దాం" అన్నాను. గౌరవం పోతుందనుకున్నాను. వాళ్లకు నా గౌరవం గురించి ఆలోచించే తీరికే లేదు, పదిమందీ ఫోను మీదికి వంగిపోయారు. చేతులు పట్టుకుని గొలుసులా నిలబడ్డ డిఫెండర్లు ముందుకు దూకిన క్షణంలో వాళ్ల బరువంతా ముందుకు పడుతుందని, కూతకు వచ్చిన రైడరు సరిగ్గా అప్పుడే వాళ్ల చేతులకన్నా కిందికి దిగి మధ్యగీత వైపు దూసుకుపోతాడని, కాబట్టి ఒంగడంలోకన్నా ఎప్పుడు ఒంగాలన్నదాంట్లోనే విద్య అంతా ఉందని నాకంటే ముందు వాళ్లే పసిగట్టారు. నేను చేసినదల్లా వీడియోను నెమ్మదిగా, పదేపదే ఆడించడం.

అయినా నా సందేహం పూర్తిగా తగ్గలేదు, ఎందుకంటే అది నా అరుపుల్లో దాక్కుని ఉంది. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ గీత బయట నిలబడి, "వెనక్కి రా, చెయ్యి వదలొద్దు, కాలు చూడు, కాలు" అని గొంతు చించుకునేవాణ్ణి. అది నా అంకితభావం అనుకునేవాణ్ణి. గోడ మీద కూర్చుని చూస్తున్న తల్లిదండ్రులకు ఈయనకు ఆట తెలుసు అనిపించాలన్న ఆత్రమే అందులో ఎక్కువని చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఎలా అర్థమైందో కూడా చెప్పాలి. ఒక సంక్రాంతికి అనకాపల్లి అవతల ఒక ఊళ్లో టోర్నమెంటుకు వెళ్లాం. పండక్కి వారం ముందు జ్వరం వచ్చి గొంతు పూర్తిగా పోయింది, డాక్టరు మాట్లాడొద్దన్నారు. వెళ్లకుండా ఉందామనుకున్నాను కానీ జీపు మాట్లాడేశాం, పిల్లలు ఊరుకోరు. మెడకు తువ్వాలు చుట్టుకుని గీత బయట మూగవాడిలా కూర్చున్నాను. రెండో సగంలో మావాళ్లు ముగ్గురే మిగిలారు, అవతలి రైడరు మాకంటే బలమైనవాడు. ఎడమ కార్నర్‌లో ఉన్న కుర్రాడు పక్కవాడితో మెల్లగా ఏదో అన్నాడు. రైడరు ముట్టుకోవడానికి కాలు చాపగానే ఇతను చీలమండ అందుకున్నాడు, పక్కవాడు నడుము పట్టేశాడు. ముగ్గురే మిగిలినప్పుడు రైడరును పట్టేస్తే దాన్ని సూపర్ ట్యాకిల్ అంటారు, రెండు పాయింట్లు. మొత్తం మీద ఆ మ్యాచ్ ఓడిపోయాం, అది వేరే సంగతి. తిరిగొచ్చేటప్పుడు జీపులో ఆ కుర్రాడన్న మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది: "ఇయాల మీరు అరవనేదు కదా మాస్టారూ, ఒకల మాట ఒకలికి ఇనబడింది."

కబడ్డీ అసలే గొంతుతో ఆడే ఆట. రైడరు కూత అంపైరుకు వినిపించాలి, డిఫెండర్ల సంకేతాలు ఒకరికొకరికి వినిపించాలి. వాటన్నిటి మీదా రెండేళ్లపాటు నా గొంతు పరిచానని తెలిసినప్పుడు సిగ్గేసింది, కానీ విచిత్రంగా ధైర్యమూ వచ్చింది. నోరు మూసుకోవడం ఎవరైనా నేర్చుకోగల విద్య, దానికి జాతీయ స్థాయిలో ఆడి ఉండనక్కర్లేదు.

మాట్లాడటం తగ్గాక చూడటానికి తీరిక దొరికింది. ఇరవై రూపాయల నోటుపుస్తకం ఒకటి కొని, రోజుకు ముగ్గురు పిల్లలను ఎంచుకుని, ఒక్కొక్కరి గురించి ఆ సాయంత్రం కళ్లతో చూసినది ఒక్క వాక్యం రాయడం మొదలుపెట్టాను. "బాగా ఆడాడు", "శ్రద్ధ లేదు" లాంటి తీర్పులు రాయకూడదన్నది నాకు నేను పెట్టుకున్న నిబంధన. చీలమండ పట్టు ఎప్పుడూ జారిపోయే ఒక అబ్బాయి ఉండేవాడు. వాడికి నెలల తరబడి "గట్టిగా పట్టు, గట్టిగా పట్టు" అనే చెప్పాను. వాణ్ణి మూడు సాయంత్రాలు వరుసగా గమనించి రాసుకుంటే తేలిందేమిటంటే, రైడరు కాలు ఇంకా గాలిలో ఉండగానే వీడు దూకుతున్నాడు, అందుకే వేళ్లు పాదం మీద పడి జారుతున్నాయి. చేతి బలంలో లోపమే లేదు. కాలు నేల తాకి, దాని మీద బరువు పడేదాకా ఆగమన్నాను. రెండు వారాల్లో పట్టు నిలిచింది. నేను సరిపోతానా అని నన్ను నేను అడుక్కున్నన్ని రోజులూ ఈ కాలు నాకు కనబడలేదు.

ఇక అర్హత పత్రం సంగతి. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ శిక్షకుల కోసం ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది. వీలుంటే తప్పక చేయండి, నాకు ఉద్యోగం వల్ల ఇప్పటిదాకా కుదరలేదు. అయితే అది లేనంతమాత్రాన మొదటి మెట్టు మీద మనకు చోటు లేదని అనుకోకండి. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని చూడండి. 2023లో బ్యాంకాక్‌లో వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత అయింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తింది. ఆమెలో పరుగును మొదట గుర్తించింది ఇక్కడి బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆ తర్వాత హైదరాబాదులో ఒక గురువు, ఒడిశాలో జేమ్స్ హిల్లియర్ అనే మరో గురువు. మొదటి మనిషి చివరిదాకా అన్నీ తెలిసినవాడై ఉండనక్కర్లేదు. పిల్లవాడు నన్ను దాటిపోయే రోజును గుర్తుపట్టి, తగినవాళ్ల దగ్గరికి పంపించడం నా పనిలో భాగమే అనుకున్నాక నాకు చాలా బరువు తగ్గింది.

ఒక్క చోట మాత్రం నా సందేహాన్ని పోగొట్టుకోలేదు, పోగొట్టుకోను కూడా. చిన్న వయసు పిల్లల సబ్ జూనియర్ విభాగంలో బరువు 55 కిలోలు మించకూడదు. ఒకసారి ఒక తండ్రి, 56 దాటిన కొడుకుకు రెండు రోజులు అన్నం, నీళ్లు తగ్గించి తూకానికి తెస్తానన్నాడు. ఇందులో అనుభవం ఉన్న పెద్దలు కూడా ఇది మామూలేనని నాతో అన్నారు. మన వైపు ఉక్కపోతలో పెరిగే వయసు పిల్లవాడికి నీళ్లు తగ్గిస్తే ఏమవుతుందో నాకు అనుమానంగా ఉంది కనుక వద్దన్నాను. ఆ పిల్లవాడు ఆ టోర్నమెంటు ఆడలేదు, తండ్రి నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. తల కిందికి పెట్టి పట్టుకు దూకే పిల్లలను చూసినప్పుడూ, మోకాలు నొప్పి అంటూనే ఆడతానని మొండికేసే వాళ్లను చూసినప్పుడూ నాకు ఇదే భయం వేస్తుంది. అప్పుడు ఆట ఆపేస్తాను, ఎవరేమనుకున్నా సరే.

మీ మొదటి మ్యాచ్ గురించి నాకు తోచింది చెబుతాను. పిల్లల మ్యాచ్‌లో ఒక్కో సగం 15 నిమిషాలు, మధ్యలో విరామం 5 నిమిషాలు. మొదటి సగమంతా కూర్చునే ఉండండి, చేతిలో పుస్తకం, పెన్ను పెట్టుకోండి, అరవాలనిపించిన ప్రతిసారీ ఒక గీత గీయండి. నా మొదటి ప్రయత్నంలో నలభైకి పైగా గీతలు వచ్చాయి. విరామంలో పిల్లలను ముందు నీళ్లు తాగనివ్వండి, తర్వాత అవతలి జట్టులో ఏం గమనించారో వాళ్లనే అడగండి, చివరి నిమిషంలో మీరు ఒక్క మాట చెప్పండి. ఆ మాట కాళ్లకు సంబంధించినదైతే మరీ మంచిది.