బెరడు కషాయం తాగుతున్నారా? నల్లటి మలాన్ని తేలిగ్గా తీసుకోకండి

ప్రశ్న: నా వయసు 61. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. మాత్రలంటే ఇష్టం లేక మూడు నెలలుగా విల్లో చెట్టు బెరడు కషాయం రెండు పూటలా తాగుతున్నాను. నొప్పి సగానికి సగం తగ్గింది. మరీ ఎక్కువైన రోజు డైక్లోఫెనాక్ వేసుకుంటాను. నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, బీపీ మాత్రలు వాడుతున్నాను. వాపు తగ్గించే గుణం ఏ చెట్టు బెరడులో ఎక్కువ? దాల్చినచెక్క కూడా కలుపుకోవచ్చా? వారం నుంచి మలం నల్లగా వస్తోంది, కషాయం రంగేమో. కాస్త నీరసంగా ఉంది.
- ఒక పాఠకుడు

జవాబు: ఏ బెరడు మంచిదో తర్వాత చూద్దాం. మీరు చివర్లో రాసిన రెండు ముక్కలే నన్ను కంగారు పెట్టాయి. మలం తారులా నల్లగా, జిగటగా, ఎప్పుడూ లేనంత దుర్వాసనతో వస్తుంటే జీర్ణాశయంలోనో చిన్నపేగు మొదట్లోనో రక్తం కారుతుండవచ్చు. ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది కానీ, అవి వాడుతున్నట్టు మీరు రాయలేదు. కషాయం రంగని సరిపెట్టుకోవద్దు. ఇది చదివిన రోజే ఆస్పత్రికి వెళ్లండి. హిమోగ్లోబిన్ చూస్తారు, అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు. లేచి నిలబడితే కళ్లు తిరగడం, గుండెదడ, చల్లటి చెమటలు, రక్తపు వాంతి... వీటిలో ఏది ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకే.

కషాయం, డైక్లోఫెనాక్ ఇప్పుడే ఆపేయండి. ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపకండి. స్టెంట్ ఉన్నవారిలో దాన్ని ఉన్నట్టుండి మానేస్తే స్టెంట్ మూసుకుపోయే ముప్పుంది. ఆపాలా, ఆపితే ఎన్ని రోజులు అన్నది మిమ్మల్ని పరీక్షించే డాక్టరు, గుండె డాక్టరు కలిసి తేల్చాలి.

మాత్రలంటే ఇష్టం లేదన్నారు. కానీ మీ గ్లాసులో ఉన్నది ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టమే. విల్లో బెరడులో సాలిసిన్ అనే పదార్థం ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక అది సాలిసిలిక్ ఆమ్లంగా మారుతుంది. ఎండబెట్టి పొడి చేసిన విల్లో బెరడు జ్వరాలు తగ్గిస్తోందని ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడు 1763లోనే లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఉత్తరం రాశారు. 1828లో సాలిసిన్‌ను వేరుచేశారు. 1897లో సాలిసిలిక్ ఆమ్లం నుంచి ఆస్పిరిన్ తయారైంది. అది ఎలా పనిచేస్తుందో మాత్రం 1971లో గానీ బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ తేల్చలేదు. వాపును, నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఒంట్లో తయారు కాకుండా ఆస్పిరిన్ అడ్డుకుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసేవీ ప్రోస్టాగ్లాండిన్లే. మోకాలికి హాయినిచ్చిన మందు కడుపుకున్న రక్షణనూ తగ్గించగలదు. విల్లో బెరడు ఒక్కటే వాడితే కడుపు మీద ఆస్పిరిన్ అంత తీవ్రంగా ఉండదనే అంటారు, నేనూ కాదనను. మీరు వాడింది ఒక్కటే కాదు కదా! ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, కషాయం మూడూ కలిశాయి. పైగా బీపీ మాత్రల్లో కొన్ని రకాలు ఇలాంటి నొప్పి మందులతో కలిస్తే కిడ్నీలు దెబ్బతినవచ్చు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి.

నా దగ్గరికి వచ్చేవారిని "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే సంచిలోంచి స్ట్రిప్పులన్నీ తీసి బల్ల మీద వరసగా పెడతారు. కషాయం ఊసే రాదు. "ఇంకేమైనా తాగుతున్నారా?" అని రెండోసారి అడిగితే, "అది మందు కాదులెండి, చెట్టు బెరడు" అంటారు. దయచేసి అలా అనుకోకండి. నొప్పి సగం తగ్గించిందంటే అది మందే. మాత్ర మీదైతే ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది, మరిగించిన గ్లాసు మీద ఉండదు. ఒక జాతి విల్లోలో సాలిసిన్ ఒక శాతం కూడా ఉండదు, మరో జాతిలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. నడుము నొప్పి మీద జరిగిన పరీక్షల్లో రోజుకు 240 మిల్లీగ్రాముల సాలిసిన్ అని కొలిచి, కొన్ని వారాలే ఇచ్చారు. మోకాలి అరుగుదలలో ఫలితాలు ఒకే తీరుగా రాలేదు. మీరేమో కొలత లేకుండా మూడు నెలలు తాగారు.

ఇక మీ ప్రశ్న. ఏ బెరడులో గుణం ఎక్కువని వరస పెట్టి చెప్పలేను, మీ పరిస్థితిలో చెప్పకూడదు కూడా. చాలా బెరళ్లలో వగరునిచ్చే టానిన్లు ఉంటాయి, అవి ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తం పోతున్న మనిషికి అది ఇంకో నష్టం. దాల్చినచెక్కలో కాసియా రకానిదైతే కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ. రోజూ మోతాదు మించి తీసుకుంటే కొందరిలో కాలేయం దెబ్బతింటుంది. వంటలో చిటికెడు వేసుకోవడం వేరు, కషాయంగా తాగడం వేరు. కలపకండి.

మోకాళ్ల సంగతి రక్తస్రావం లేదని తేలాక చూద్దాం. పొద్దున లేచాక బిగుసుకుపోవడం అరగంట దాటుతోందా, ఒక మోకాలే వేడెక్కి వాచిందా అన్నది మీరు రాయలేదు. జ్వరంతో పాటు మోకాలు వాస్తే అదీ ఆగే విషయం కాదు. ఉత్త అరుగుదలే అయితే తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం, పైపూత జెల్, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వంటి దారులు ఉన్నాయి.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ బెరడు పొట్లం కూడా పట్టుకెళ్లండి. మలం ఏ రోజు నుంచి నల్లబడిందో, చివరిసారి డైక్లోఫెనాక్ ఎప్పుడు వేసుకున్నారో ఒక కాగితం మీద రాసుకోండి, లోపలికి వెళ్లగానే ముందు అదే చూపించండి.