ముప్పై ఒకటో మనిషి

ప్రశ్న: డాక్టరు గారూ, మా అబ్బాయి న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ దగ్గర ఫ్యామిలీ డాక్టరు. మత్తుకు అలవాటు పడ్డవాళ్ళకి ఇప్పుడు ‘ఎక్స్ నంబరు’ లేకుండానే మందు రాస్తున్నానని మొన్న ఫోన్లో చెప్పాడు. ఆ మందూ నల్లమందు జాతిదేనట. రేపు వాడి మీద కేసేమైనా పడుతుందేమోనని భయం. చట్టం నిజంగా మారిందా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: మారిందమ్మా. మార్పించినాయన కూడా మీవాడుండే వైపు నుంచే అమెరికా కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, గెలిచిన సభ్యుడు, పాల్ టాంకో. చదివింది ఇంజినీరింగు, పట్టుకున్నది డాక్టర్ల గొడవ. ఆ ఎక్స్ నంబరు తీసెయ్యాలని 2019లో బిల్లు పెట్టాడు, కదల్లేదు. 2021లో మళ్ళీ పెట్టాడు. విడిగా నెగ్గకపోయినా, 2022 డిసెంబరు 29న బైడెన్ సంతకం చేసిన బడ్జెట్ బిల్లులో కలిసి ఒడ్డెక్కింది.

నేనూ రిటైరయ్యేదాకా ఆ రాష్ట్రంలోనే ప్రాక్టీసు చేశాను. నడుం నొప్పని వచ్చినవాడికి నల్లమందు జాతి నొప్పి మాత్ర ఆక్సీకొడోన్ రాస్తానంటే నన్నెవరూ ఏ క్లాసుకీ పొమ్మనలేదు. మత్తు కలిగించే మందులు రాసే డాక్టర్లకు అమెరికా డ్రగ్సు నియంత్రణ సంస్థ డీఈఏ ఇచ్చే మామూలు నంబరు చాలు. అదే ఆ మాత్రలకు బానిసైనవాణ్ణి బయటికి లాగే బ్యూప్రెనార్ఫిన్ రాయాలంటే, 2000 నాటి చట్టం ప్రకారం 8 గంటల శిక్షణ, ఎక్స్‌తో మొదలయ్యే ఇంకో నంబరు. పైగా మొదటి ఏడాది ఒకే సమయంలో 30 మందికి మించకూడదు. షుగరు రోగుల్ని ఎవరైనా అలా లెక్కపెడతారా?

దాపరికమెందుకు, శనివారం క్లాసంటే తెలుగువాళ్ళ పిక్నిక్ ఉందని రెండేళ్ళు సాగదీసిన ఘనుణ్ణి నేను. చివరికి నంబరు వచ్చాక మొదట వచ్చినవాడు ఇళ్ళకు పైకప్పులు వేసే మనిషి. ఒంట్లో వేరే మత్తు ఉండగా ఈ మందు పడితే విలవిల్లాడిపోతారు కనుక, ముందురోజు నుంచి ఏమీ తీసుకోకుండా రమ్మన్నాను. ముక్కు కారుతూ, ఆవలిస్తూ, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని వచ్చాడు. తపాలా బిళ్ళంత మందు ఫిల్ము, అంటే పల్చటి పొర, నాలుక కింద పెట్టించాను. మింగకూడదు, మాట్లాడకూడదు. గంటకు కోటు విప్పి, “ఆకలేస్తోంది” అన్నాడు. ఆ ఏడాది ముప్పై ఒకటోవాడు వచ్చినప్పుడు మాత్రం లేదనాల్సి వచ్చింది. వాడేమయ్యాడో నాకు తెలియదు.

ఇక మీ భయం. జాతి ఒకటే, నిజమే. కానీ దీని ప్రభావం ఒక మట్టం దాటి పెరగదు, అందుకే ఫెంటనిల్ అనే అతి బలమైన మత్తుమందులా ఊపిరి ఆపేసే ప్రమాదం చాలా తక్కువ. మద్యమో నిద్రమాత్రలో కలిపితే ఆ మాట అనలేం. 2022లో అమెరికాలో డ్రగ్సు మోతాదు మించి 1,07,000 మందికి పైగా పోయారు. అందులో మూడింట రెండొంతులు ఫెంటనిల్ లాంటివాటి వల్లే. మీవాడు రాసేది ఆ లెక్క తగ్గించే మందు. పద్ధతిగా రాసి, రికార్డులు సరిగ్గా పెట్టుకుంటే కేసు మాటెందుకు?

అలాగని చట్టం మారగానే రోగులు బారులు తీరలేదు. రాసే డాక్టర్లు పెరిగినంతగా వాడేవాళ్ళు పెరగలేదు. ఈ మందు స్టాకు పెట్టని షాపులూ ఉన్నాయి.

అదే బడ్జెట్ బిల్లులో ఇంకో మెలిక ఉంది. 2023 జూన్ 27 నుంచి డీఈఏ నంబరు కొత్తగా తీసుకునే, లేదా రెన్యువల్ చేసుకునే డాక్టర్లంతా ఒక్కసారి 8 గంటల శిక్షణ పూర్తయిందని చూపించాలి. ఇప్పుడు ఆక్సీకొడోన్ రాసేవాళ్ళకీ తప్పదన్నమాట! మీ అబ్బాయిని అడగాల్సింది ఆ క్లాసు అయిందా అని. పిక్నిక్ అడ్డొచ్చిందంటే నమ్మకండి.