లోడు పికప్‌కి ఇంజిన్ ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టించవచ్చా?

లోడుతో ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, ఇంజిన్ ఫ్యాన్ రొద భరించలేకపోతున్నాను, దాని బదులు రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెడితే ఇవి రెండూ తగ్గి మైలేజీ కూడా పెరుగుతుందా అని అడిగారు. రొద తగ్గుతుంది. మైలేజీ పెద్దగా పెరగదు. పని సరిగ్గా చేయించకపోతే ఘాట్‌లో వేడి మాత్రం ఇప్పటికంటే ఎక్కువవుతుంది.

ముందు పాత ఫ్యాన్ సంగతి తేల్చుకోండి. మీది విస్కస్ క్లచ్ ఫ్యాన్ అన్నారు. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కగానే క్లచ్ ముందున్న పట్టీచుట్ట కదిలి, లోపలి సిలికాన్ ఆయిల్‌ని వదులుతుంది. అప్పుడు ఫ్యాన్ పట్టుకుంటుంది. బండి బాగా వేడెక్కాక ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, చేతికి గుడ్డ చుట్టుకుని రెక్కని ఒక్క తోపు తోయండి. బిగువుగా కదిలి ఆగితే మంచిదే. రెండు మూడు చుట్లు గిర్రున తిరిగిందంటే, లేదా క్లచ్ మీద జిడ్డు గీతలు కనిపిస్తే, లోపల ఆయిల్ లేదు. ఘాట్‌లో వేడికి కారణం అదే కావచ్చు. పొద్దున స్టార్ట్ చేశాక ఒకటి రెండు నిమిషాలు రొద చేయడం మామూలే. చల్లగా ఉన్నా ఆ రొద ఆగకపోతే క్లచ్ జామ్ అయినట్టు. రెండిటికీ మందు కొత్త క్లచ్చే.

రేడియేటర్ ముందు జాలీలా ఉండే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు కూడా చూడండి. మట్టి, పురుగులు, వడ్ల పొట్టు అట్టకట్టి ఉంటే ఏ ఫ్యాన్ పెట్టినా లాభం లేదు. ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టించాలి. ప్రెషర్ మరీ ఎక్కువైతే రేడియేటర్ సన్న రేకులు వంగిపోతాయి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఊరికే తిరగదు. రెండూ కలిపి 32 ఆంపియర్లు తాగితే 13.5 వోల్టుల దగ్గర సుమారు 430 వాట్లు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌లో పోయే నష్టం కలుపుకుంటే ఇంజిన్ మీద ఇంచుమించు ఒక హార్స్‌పవర్ భారం. బాగున్న విస్కస్ ఫ్యాన్ హైవే మీద ఎలాగూ చాలాసేపు జారుతూనే ఉంటుంది, ఇక మిగిలే డీజిల్ ఎంత? అరకు ఘాట్ లాంటి చోట లోడుతో సెకండ్ గేర్‌లో 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కేటప్పుడు ఎదురుగాలి ఉండదు, ఇంజిన్ మాత్రం పూర్తి బలంతో పనిచేస్తుంటుంది. అప్పుడు పట్టుకున్న ఇంజిన్ ఫ్యాన్ లాగే గాలితో ఈ 430 వాట్లు పోటీ పడలేవు. అందుకే రోజూ లోడుతో ఘాట్ ఎక్కే బండికి నా ఓటు విస్కస్ ఫ్యాన్‌కే. సిటీలో, మైదానంలో తిరిగే బండి అయితే మార్చుకోవచ్చు.

మార్చాలనే అనుకుంటే ఫ్యాన్ డబ్బా మీది సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి లాగుతుందో చెప్పే) అంకెని నమ్మవద్దు, అది ముందు రేడియేటర్ లేనప్పటి లెక్క. ఆంపియర్లు చూడండి. 7, 8 ఆంపియర్ల పలచటి ఫ్యాన్ రేడియేటర్ గుండా గాలిని లాగలేదు. ఒక్కొక్కటి 15 నుంచి 20 ఆంపియర్లది, ఇంజిన్ వైపు నుంచి లాగే రకం తీసుకోండి. దాని మందం, పుల్లీకీ రేడియేటర్‌కీ మధ్య ఖాళీ ముందే కొలవండి. లోడు మీద ఇంజిన్ మౌంటింగుల మీద ఊగుతుంది కాబట్టి మోటారు వెనక కనీసం 25 మిల్లీమీటర్లు వదలాలి.

అసలు పని అంతా గాలిని దారిలో పెట్టే పెట్టె, అంటే షీల్డ్‌లోనే ఉంది. ఫ్యాన్లని ప్లాస్టిక్ టైలతో రేడియేటర్ గుండా కుట్టేస్తుంటారు. అలా చేస్తే రెక్క ఎదురుగా ఉన్నంత మేరే గాలి లాగుతుంది, పైగా కుదుపులకి ట్యూబులు అరిగి కారతాయి. అల్యూమినియం రేకుతో రేడియేటర్ మొత్తాన్ని కప్పే పెట్టె చేయించి, లోపల 25 నుంచి 40 మిల్లీమీటర్ల లోతు ఉంచి, అంచుకి ఫోమ్ పట్టీ అంటించాలి. మూలల్లో కిటికీలు కోసి పాత టైరు ట్యూబు ముక్కలు పైనుంచి వేలాడదీయండి. ఫ్యాన్ తిరిగితే అవి మూసుకుంటాయి, హైవే మీద ఎదురుగాలికి తెరుచుకుంటాయి.

పాత ఫ్యాన్ విప్పేటప్పుడు మధ్యలో పెద్ద నట్టు ఉండే రకమైతే చాలా బళ్లలో ఎడమ మర (మామూలుకి ఎదురు దిశలో విప్పేది) ఉంటుంది, చూసుకోకుండా బలం పెట్టకండి. నాలుగు బోల్టుల రకంలో అవే పుల్లీని కూడా పట్టి ఉంచుతాయి. ఫ్యాన్ తీశాక అవే బోల్టులు పొడవైపోయి పుల్లీ బిగియదు. పొట్టి 8.8 గ్రేడ్ బోల్టులు వేయాలి.

వైరింగ్‌లో ఫ్యాన్‌కొక 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్), బ్యాటరీ దగ్గరే 30 ఆంపియర్ల ఫ్యూజు, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉండాలి. అదే 1.5 వైరైతే 20 ఆంపియర్లకి రానూపోనూ 4 మీటర్లలో దాదాపు ఒక వోల్టు పోతుంది, గాలీ ఆ మేరకు తగ్గుతుంది. ఎర్త్ బాడీకి కాకుండా నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి ఇవ్వండి. రిలే కాయిల్‌కి కరెంటు ఇగ్నిషన్ నుంచి రావాలి. సెన్సర్ రేడియేటర్ పై ట్యాంకు వైపు ఉంటే 92 డిగ్రీల దగ్గర ఆన్, 87 దగ్గర ఆఫ్ అయ్యేది 82 డిగ్రీలకి నీళ్లని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్‌కి సరిపోతుంది. ఆఫ్ డిగ్రీ థర్మోస్టాట్ కంటే తక్కువైతే ఫ్యాన్ ఆగనే ఆగదు. ఏసీ క్లచ్ వైరు నుంచి రెండో రిలేకి ఒక తీగ లాగితే ఏసీ వేయగానే ఒక ఫ్యాన్ తిరుగుతుంది.

తీగలు తారుమారైతే ఫ్యాన్ తిరుగుతుంది గానీ గాలిని ముందుకి తోస్తుంది, కంటికి తెలియదు. గ్రిల్ ముందు న్యూస్‌పేపర్ ముక్క పెట్టండి, అతుక్కోవాలి.

చివరిగా మిట్టమధ్యాహ్నం ఏసీ, హెడ్‌లైట్లు, రెండు ఫ్యాన్లు వేసి బండి నిలబెట్టి ఇంజిన్ స్లోలో అరగంట తిరగనిచ్చి బ్యాటరీ దగ్గర వోల్టులు చూడండి. 13.2 పైన నిలిస్తే ఆల్టర్నేటర్ చాలు. 12.8 కిందకి జారుతుంటే పెద్దది వేయక తప్పదు. ఫ్యాన్ కనెక్టర్ దగ్గర వోల్టేజీ బ్యాటరీ కంటే అర వోల్టుకి మించి తగ్గకూడదు.

పాత ఫ్యాన్, క్లచ్, షీల్డ్ పారేయకండి. క్లచ్‌ని బండిలో ఉన్నట్టే నిలబెట్టి దాచండి, పడుకోబెడితే సిలికాన్ ఆయిల్ కారిపోతుంది.