మళ్లీ పెళ్లి చేసుకుంటే పాప డబ్బు ఆగిపోతుందా?

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం విడాకులు తీసుకున్నాం. కోర్టు ఉత్తర్వు ప్రకారం మాజీ భర్త నాకు నెలకు 10 వేలు, ఎనిమిదేళ్ల పాపకు 12 వేలు పంపిస్తున్నారు. నా జీతం 28 వేలు. వచ్చే నెల మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాను. ‘కొత్త భర్తకు మంచి జీతముంది కదా, పాపను ఆయనే పోషిస్తాడు, ఇక పైసా ఇవ్వను’ అంటున్నారు. - ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ మాటకు భయపడకండమ్మా. మీ 10 వేలు వేరు, పాప 12 వేలు వేరు. పునర్వివాహం తర్వాత మీ భరణం రద్దు చేయమని ఆయన కోరవచ్చు, కోర్టు సాధారణంగా ఒప్పుకుంటుంది. కనుక ఆ మొత్తాన్ని ఇప్పుడే మీ బడ్జెట్ నుంచి తీసేయండి.

పాప సంగతి అలా కాదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం బిడ్డను పోషించవలసింది కన్న తల్లిదండ్రులే. మీ కొత్త భర్త జీతం ఎంతైనా ఆ బాధ్యత ఆయనకు బదిలీ కాదు. తగ్గించాలంటే మీ మాజీ భర్త కోర్టుకు వెళ్లాలి, తనంతట తాను ఆపేయకూడదు. అక్కడ చూసేది మీ ఇద్దరి ఆదాయాలు, పాప అవసరాలు. అందుకే స్కూలు ఫీజు, మందులు, బట్టల రశీదులు దాచండి. డబ్బు ఆగితే ఊరుకోకండి. ఉత్తర్వు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ (దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 144) కింద వచ్చినదైతే, ప్రతి నెల బకాయికీ ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి.

ఆ 12 వేలను పాప కోసం తెరిచిన వేరే ఖాతాలోనే జమ చేయించుకోండి, కొత్త ఇంటి ఖర్చుల్లో కలపవద్దు. నెలకు రెండు మూడు వేలు మిగిలితే సుకన్య సమృద్ధిలో వేయండి. పదేళ్లు నిండకముందే తెరవాలి కాబట్టి ఆలస్యం చేయవద్దు. పాప పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే పన్ను లెక్కలో ఆ వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది. విడాకుల తర్వాత మైనరు ఆదాయాన్ని పోషిస్తున్నవారి ఆదాయంలోనే కలుపుతారు. సుకన్య వడ్డీకి పన్ను లేదు.

నన్ను కలవరపెట్టేది దత్తత. ఇంటిపేరు కలవాలని, కొత్త భర్త పాపను చట్టప్రకారం దత్తత తీసుకోవాలని పెద్దలు తొందరపెట్టవచ్చు. దత్తత జరిగితే కన్నతండ్రి పోషణ బాధ్యతే కాదు, ఆయన ఆస్తిలో పాపకు రాబోయే వారసత్వమూ పోతుంది. దానికి కన్నతండ్రి సమ్మతి కావాలి. ఖర్చు తప్పుతుందని ఆయన సంతోషంగా సంతకం పెట్టవచ్చు కూడా. న్యాయవాదితో కూర్చుని మాట్లాడేవరకు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.