అమ్మమ్మ మాటే కరెక్టు

ప్రశ్న: అన్నా, మా అమ్మమ్మకు విజయనిర్మల అంటే పానం. మొన్న నా ఫోన్ల ఒక పాత మలయాళం సినిమా ముక్క వస్తుంటే తెల్లచీర కట్టుకున్న పిల్లను చూసి ఇగో మా విజయనిర్మల అని ఒకటే పట్టు, ఆమె మలయాళంల ఎందుకుంటదే అని నేను. పేరు చూస్తే భార్గవీ నిలయం అని ఉన్నది. దయ్యం సినిమా అంట గదా, అమ్మమ్మకు బీపీ, చూపెట్టొచ్చా?
(ఒక చెల్లె, దేవరకొండ)

జవాబు: ముందుగాల అమ్మమ్మకు సారీ చెప్పు చెల్లె, ఆమె విజయనిర్మలే. సినిమా 1964ది, మన రంగులరాట్నం కంటె రెండేండ్ల ముందటిది, మలయాళంల ఆమెకు అదే మొదటిది. డైరెక్టర్ ఎ. విన్సెంట్, ఆయనకు కూడ డైరెక్షన్ అదే మొదలు, కెమెరామన్ గా మాత్రం మనకు బాగనే తెలుసు, ప్రేమనగర్, అడవిరాముడు, అన్నమయ్య అన్నీ ఆయన తీసినయే. కథ, స్క్రిప్టు రెండూ వైకం మహమ్మద్ బషీర్ వి.

ఇగ దయ్యం సంగతి. ఉన్నది, కాని భయపెట్టనీకి గాదు. ఒక రచయిత (మధు) పాడుబడ్డ ఇల్లు కిరాయికి తీసుకుంటడు, అండ్ల భార్గవి అనే పిల్ల దయ్యమై తిరుగుతదని, ప్రేమ చెడి బాయిల దుంకిందని ఊరంత చెప్తరు. ఈయన పారిపోడు, ఖాళీ ఇంట్ల కూసొని ఆమెతోని ముచ్చట పెడ్తడు, ఎవరో ఎదురుంగ కూసున్నట్టే. ఆ మాటలు వింటుంటే భయం కాదు, జాలి అయితది. తర్వాత ఆమె, పక్కింటి పాటగాడు ప్రేమ్ నజీర్, వాళ్ల ప్రేమ కథ రాస్కుంట రాస్కుంట అసలు దుంకిందా, ఎవరన్న తోసిండ్రా అన్న కాడికి వస్తడు. మా ఊర్ల కూడ ఒక బాయి ఉండె, పొద్దుగూకినంక పిల్లలను అటు పోనియ్యకపోతుండె, ఎవరో పడి సచ్చిందని. దయ్యానికి భయపడ్డోళ్లు ఊరంత ఉండ్రి గని ఎట్ల సచ్చింది అని అడిగినోడు ఒక్కడు లేకుండె. నాకు ఈ సినిమా అందుకే పట్టుకున్నది. ఎవరు చేసిండ్రో నేనైతే చెప్ప, అమ్మమ్మ సగంలనే కనిపెడ్తది చూడు.

భాష సంగతి పరేషాన్ గాకు. బాబురాజ్ సంగీతం, ఏసుదాసు పాడిన 'తామసమెందే వరువాన్' ఒకటి పెట్టు, రానీకి ఆలస్యమెందుకు అని. పాత తెలుగుల కూడ తామసం అంటే ఆలస్యమే, అమ్మమ్మకు టక్కున అందుతది. జానకమ్మ, సుశీలమ్మ గొంతులు కూడ ఉన్నయి ఇండ్ల.

ప్రశ్న: ఇదే కథ కలర్ల కూడ వచ్చిందంట, ఏది చూడాలె?
(వనపర్తి నుంచి)

జవాబు: వచ్చింది, 2023ల, నీలవెలిచం అని, ఆషిక్ అబూ తీసిండు, టొవినో థామస్ ఉన్నడు. బషీర్ కథ పేరు కూడ అదే, నీలి వెలుగు అని. కథల రాత్రిపూట కందిలిల గ్యాస్ నూనె అయిపోయి దీపం ఆరిపోతది, నూనె అడుక్కొని వాపస్ వచ్చి చూస్తే అర్రంత నీలి వెలుగు. గా నీలం బ్లాక్ అండ్ వైట్ ల ఎట్ల కనపడ్తది అంటవా, నేనైతే పాతదే చూడమంట, నీలం మనమే అనుకోవాలె.