ఆరో వారం స్కాన్‌లో గుండె కొట్టుకుంటోందంటే నాలుగు గదులూ ఏర్పడినట్టేనా?

లేదండీ. అప్పటికి అది మెలిక పడుతున్న ఒక చిన్న గొట్టమే. స్కాన్‌లో వారాలను చివరి నెలసరి నుంచి లెక్కిస్తారు కాబట్టి, ఆరో వారమంటే పిండం వయసు దాదాపు నాలుగు వారాలే.

మూడో వారంలో పిండంలో రెండు సన్నని గొట్టాలు ఏర్పడి, దగ్గరకు జరిగి ఒకటిగా కలుస్తాయి. సుమారు 22వ రోజుకే ఆ గొట్టం కొట్టుకోవడం మొదలుపెడుతుంది. గదులు లేవు, కవాటాలు లేవు, అయినా పని ఆగదు! నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది ఇదే. తర్వాత గొట్టం పొడవు పెరిగి కుడివైపుకు మెలి తిరుగుతుంది. దాంతో కింద ఉన్న కర్ణికల (తర్వాత గుండె పై గదులయ్యేవి) భాగం పైకి, వెనక్కి చేరుతుంది. పిండం వయసు ఎనిమిది వారాలు వచ్చేసరికి లోపల గోడలు లేచి నాలుగు గదులవుతాయి. కర్ణికల మధ్య గోడలో మాత్రం ఒక దారి పుట్టేదాకా తెరిచే ఉంటుంది, ఎందుకంటే కడుపులో ఊపిరితిత్తులకు ఇంకా పని లేదు.

ఇక పెద్ద నాళాలు. మొదట గుండె నుంచి ఒకే నాళం బయటికి వస్తుంది. దాని లోపల ఒక గోడ మరమేకు చుట్టులా తిరుగుతూ పెరిగి, దాన్ని బృహద్ధమనిగా (ఒంటికి రక్తం తీసుకెళ్లేది), పుపుస ధమనిగా (ఊపిరితిత్తులకు తీసుకెళ్లేది) విడదీస్తుంది. ఆ చుట్టు సరిగా పడకపోతే రెండు ధమనులూ తారుమారవుతాయి. అలా పుట్టిన బిడ్డ ఒళ్లు నీలంగా మారుతుంది, త్వరగా ఆపరేషన్ చేయాలి.

కాబట్టి ఇప్పుడే గదుల గురించి టెన్షన్ వద్దు. 18-20 వారాల స్కాన్‌లో గదులు, ధమనులు రెండూ చూస్తారు.